సగం సగం గొల్లభామ

జూన్ 9, సోమవారం

ఉదయం 7.00. కొత్త నోటుబుక్కు, కొత్త పెన్ను, కొత్త ప్రవీణ.

పోయిన వారం పిడుగు పడి బాపు మగ్గం మీది డబ్బా కాలిపోయింది. చీర మీద గొల్లభామ బొమ్మ పడాలంటే ఏ పోగు లేవాలో, ఏది ఆగాలో చెప్పేది ఆ డబ్బానే. అందులోని చిప్పు ఇప్పుడు ఎక్కడా దొరకదు. కొత్త డబ్బాలో ఉన్నది వేరే జాతి చిప్పు. పాత ప్రోగ్రామును దానికి సరిపోయేలా మార్చాలి. పాలిటెక్నిక్‌లో నేను చెప్పే పాఠమే.

పిల్లలకు చెప్పే సూత్రాన్ని ఈసారి నేనూ పాటిస్తాను. ఒకసారికి ఒక్క మార్పే. ముందు రాయాలి, తర్వాత మార్చాలి, ఏమైందో చూసి మళ్ళీ రాయాలి. అప్పుడే రెండోది.

బాపు వాకిట్లోంచే అన్నాడు. "ఇరవై తారీఖు దాక చూస్త బిడ్డా. గప్పటికి నడవకుంటే మగ్గం ఇప్పేస్త. మల్ల చేతులతోని తాళ్ళు గుంజుడు నా భుజంతోని కాదు."

పదకొండు రోజులు. నాకు నాలుగు చాలు.

జూన్ 10, మంగళవారం

మార్పు 1: పాత చిప్పు ఆజ్ఞలు తీసేసి కొత్త చిప్పువి రాశాను. 212 వరుసలు. ఇది ఒక్క మార్పేనా? ఉద్దేశం ఒక్కటే కనుక ఒక్కటే.

ఆజ్ఞలను చిప్పుకు అర్థమయ్యే అంకెలుగా మార్చేది అసెంబ్లర్. అది 43 తప్పులు చూపించింది. ఒక్కొక్కటే రాసి, ఒక్కొక్కటే సరిచేశాను. సాయంత్రానికి 31 పూర్తి. చెయ్యి నొప్పి. మనసు హాయి.

జూన్ 12, గురువారం

అసెంబ్లర్ తప్పులు సున్నా. ఇక లింకర్ వంతు. విడివిడి ముక్కలను ఒక్క ప్రోగ్రాముగా అతికేది అదే. అతకనంది. పోగులు లేపే ముక్క దానికి ఎక్కడా కనబడలేదట. నా కళ్ళ ముందే ఉంది.

మధ్యాహ్నం 2.15. దొరికింది. పాత చిప్పు పద్ధతిలో ప్రతి పేరుకూ ముందు ఒక చిన్న గీత ఉండేది. కొత్త పద్ధతిలో లేదు. మిగతా ముక్కలు గీత లేకుండా పిలుస్తున్నాయి, ఈ ముక్క గీతతో పిలిస్తేనే పలుకుతోంది. గీత తీసేశాను. మార్పు 45. అతుక్కుంది.

అమ్మ: "గొక్క గీతకు మూడు గంటలు కూసున్నవా?"

నాలుగు.

జూన్ 14, శనివారం

డబ్బాను మగ్గానికి బిగించాం. బాపు జానెడు నేసి ఆగి, చాలాసేపు చూశాడు.

"గీమె ఎవలు?"

గొల్లభామ ఎడమ సగం కుడివైపుకు, కుడి సగం ఎడమవైపుకు వెళ్ళిపోయింది. తల మీది కుండ రెండు ముక్కలై చెరో అంచున ఉంది. నడుమ రెండు మోచేతులు ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నాయి.

"గొల్లభామ గాదు బిడ్డా, కొట్లాడుకునే యారాండ్లు," అన్నాడు బాపు. అమ్మ వెంటనే తన తోడికోడలి పేరెత్తింది. ఇద్దరూ నవ్వారు. నేను నవ్వలేదు.

జూన్ 16, సోమవారం

నోటుబుక్కు మంచిదే కానీ ఆలోచనకు అడ్డం పడుతోంది. ఈ రోజు రెండు మార్పులు కలిపి చేశాను. చిన్నవే. సాయంత్రం వివరంగా రాస్తాను.

జూన్ 17, మంగళవారం

రాయలేదు. ఈ రోజు ఐదు మార్పులు. ఆరేమో. యారాండ్లు విడిపోలేదు.

నాతో చదువుకున్న గజేందర్‌కు ఫోన్ చేశాను. వాడి ఉద్యోగమే ఈ చిప్పులతో.

"ఏమేం మార్చినవ్?"

"కొన్ని."

"ఏ కొన్ని?"

సిగ్నల్ లేదని పెట్టేశాను. సిగ్నల్ బాగానే ఉంది.

జూన్ 19, గురువారం

బాపు మగ్గం ఇప్పే పానాలు తెచ్చి దాని పక్కన పెట్టాడు. తిట్టినా బాగుండేది.

మధ్యాహ్నం 3.10. నోటుబుక్కు ఎక్కడుందో తెలియదు. బైట్ల వరుస తిప్పాను. బొమ్మ పట్టిక మొదలయ్యే చోటు జరిపాను. వేగం తగ్గించాను. నేను ఫోన్ పెట్టేసినా గజేందర్ పంపిన ప్రోగ్రాము ముక్క అతికించాను. లింకర్‌కు ఇచ్చే సూచనలన్నీ తిరగరాశాను. ఇంకా ఏవో చేశాను.

5.40. బొమ్మ పడింది. ఒక్కతే గొల్లభామ, నెత్తిన ఒక్కటే కుండ.

బాపు వరసగా మూడు బొమ్మలు నేశాడు. మూడోదాని కుండను బొటనవేలితో తడిమి "ఆఁ" అన్నాడు. నా ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన నుంచి ఇంత పెద్ద మెచ్చుకోలు రాలేదు.

"ఏం తప్పుండె బిడ్డా?"

"చిన్నదే బాపూ," అన్నాను.

నాకు తెలియదు.

జూన్ 20, శుక్రవారం

ఉదయం 8.00. పక్క గల్లీలో నేసే భూమయ్య కాక చంకలో డబ్బాతో వచ్చాడు. ఆయనదీ అదే పిడుగుకు కాలింది. దుకాణంవాడు ఆయనకిచ్చిన కొత్త డబ్బాలో మూడో జాతి చిప్పు ఉంది. మా ప్రోగ్రాము దానికి నేరుగా ఎక్కదు.

"మీ బాపు డబ్బాల తప్పు నిన్న పట్టుకున్నవంట గదా. తప్పేందో దెలిస్తే ఒక్క గడియ పనేనని మీ బాపు జెప్పిండు."

లోపల బాపు నేస్తున్నాడు, మగ్గం చప్పుడు ఉషారుగా వినబడుతోంది.

నిన్న చేసినవాటిలో ఏది మందు, ఏది దండగ? తెలియాలంటే ఒకటే దారి. బాపు డబ్బాలోంచి మార్పులన్నీ వెనక్కి తీసేసి, ఒక్కొక్కటే మళ్ళీ పెట్టి చూడాలి. అంటే యారాండ్లను మళ్ళీ ఆ చీర మీదికే పిలవాలి.

8.40. నోటుబుక్కు బియ్యం డబ్బా మీద దొరికింది. కొత్త పేజీ. ఒకసారికి ఒక్క మార్పే. ఈసారి నిజంగానే.

మార్పు 1: బాపును ఒప్పించడం.