ఎడమకు గుంజిన కారు

నాన్నా, ఫోనులో నీకు మాట సరిగా వినబడదని కార్డు రాస్తున్నాను. ఇక్కడ అందరం బాగున్నాం.

నిన్న పక్కింటి మంగమ్మకు నొప్పులొస్తే, నువ్వు ఇచ్చిన కారులో దుమ్ముగూడెం నుంచి భద్రాచలం దవాఖానాకు బయలుదేరాను. బండి ఎడమకే పోతోంది. టైరులో గాలి తగ్గిందేమో అనుకున్నాను. అడవి దారిలో కాలిన వాసన వస్తే ఆపి చూశాను. ముందు ఎడమ చక్రం సెగలు కక్కుతోంది. వెనక వచ్చిన జీపును ఆపి మంగమ్మను ఎక్కించాను. "నన్ను ఒక్కదాన్నే పంపకు అక్కా, నువ్వు గూడ రా" అని నా చెయ్యి వదల్లేదు. కారును అక్కడే విడిచి వెళ్లాను. ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమం.

ఇవాళ మెకానిక్ కుమారస్వామి కారు చూసి, "బ్రేకు ఆ చక్రాన్ని పట్టుకొని ఇడుస్తలేదమ్మా. గందుకే గటు గుంజింది" అన్నాడు. బాగు చేశాక తిన్నగా పోతోంది. నాకు నడపడం రాదని, కారు అమ్మేయమని అంటున్న తమ్ముడికి ఈ మాట చెప్పు. కారు అమ్మను.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? పాత నూలు చీరలుంటే పంపమను, పసిదానికి పక్కబట్టలు కావాలి. పేరు నన్నే పెట్టమంటున్నారు. నాకేమీ తోచడం లేదు, నువ్వే మంచిది ఒకటి చూసి రాయి.

మీ ఇద్దరికీ దండాలు.
భవాని