రాణీరంగు గీత

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఏడవడానికి కాదు, ఒక కబురు చెప్పాలని రాస్తున్నాను. నాన్న అమ్మేసిన అంబాసిడర్‌ని మళ్ళీ కొన్నాను. ఇంజను మనదే, ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మాత్రం ఎవరో మార్చేశారు.

మన మెకానిక్ సత్తిబాబుగారు, ముమ్మిడివరంలో దాన్ని మార్చిన షెడ్డుకే వెళ్ళి, మూల పడున్న పాతవి మూడు తెచ్చారు. మూడూ ఒకేలా జిడ్డు కారుతున్నాయి. ఒకదాని అడుగున రాణీరంగు మరక కనిపించింది. ఆయన థిన్నర్ గుడ్డతో తుడవబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపేశాను.

నాన్న దాన్ని ఎన్నిసార్లు విప్పినా మళ్ళీ అదే చోట కూర్చోవాలని, సగం ఇంజను మీద, సగం దాని మీద పడేలా నీ గోళ్ళరంగుతో నువ్వు గీసిన గీత అక్కా అది.

సత్తిబాబుగారు దాన్ని ఇంజనులో పెట్టి మెల్లగా తిప్పారు. రెండు సగాలూ కలిసిపోయాయి. తాళం తిప్పగానే బండి స్టార్టయింది. ఈ వయసులో షెడ్డులో గెంతులేశాను.

"ఆయ్, ఇది దీనిదేనండి. ఎవరండీ ఇంత తిన్నగా గీసేరు?" అన్నారు సత్తిబాబుగారు.

"మా అక్కండి."

"ఓసారి తీసుకురండమ్మా. దిండి దాకా తిప్పుకొద్దాం."

"ఆయ్," అన్నాను.