నా బ్యాటరీ ఎవరు తాగేస్తున్నారు?

మార్చి 3, సోమవారం
ఉదయం 8: ఛార్జింగ్ వంద. మధ్యాహ్నం 12: నలభై. 3:10: ఫోను చచ్చింది. నేను పనిచేసే కళ్లజోళ్ల షాపులో ఒక్కటే ప్లగ్గు. దాని మీద సర్వహక్కులూ అద్దాలు అరగదీసే మెషీనువి.
ఇంటికెళ్లేసరికి మా ఆవిడ గుమ్మంలోనే ఉంది. తొమ్మిదో నెల. పదకొండుసార్లు ఫోన్ చేసిందట.
"ఇవాళంటే నిమ్మకాయల కోసం చేశాను. అదే నొప్పులొస్తే?"
డాక్టరమ్మ ఇచ్చిన తారీఖుకి రెండు వారాలే ఉంది.
తీర్మానం: లొకేషన్ పేరు చెప్పి నా బ్యాటరీ తాగేస్తున్న యాప్‌లన్నిటినీ పట్టుకుని నోరు కట్టేస్తాను. రేపే!

మార్చి 4
లొకేషన్ వాడుతున్నవి ఇరవై ఆరు! ముఖ్యమైన దొంగలు:
టార్చిలైటు. (నేనెక్కడుంటే దానికేం? వెలగమంటే వెలగాలి.)
చెప్పుల షాపు. మూడేళ్ల కిందట ఒక్క జత కొన్నాను. అప్పట్నుంచీ నా వెనకే నడుస్తోంది.
పిల్లల పేర్ల యాప్. పుట్టకముందే నిఘా!
ట్యాక్సీ.
అన్నీ ఆఫ్. సాయంత్రం ఆరుకి డెబ్భై రెండు శాతం! నమ్మలేక తెర తుడిచి మళ్లీ చూశాను. షాపుకొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పాను. ఒకాయన కళ్లజోడు కొనకుండానే వెళ్లిపోయాడు.

మార్చి 5
బావమరిది ఫోన్ చేశాడు. "ఆఫ్ చేస్తే సరిపోదు బావా. ఫోనుతోపాటు వచ్చినవి దొంగచాటుగా వాడుతూనే ఉంటాయి. కాపలాకి ఒక యాప్ ఉంది, పెట్టుకో. ఎవడు లొకేషన్ చూసినా టింగుమంటుంది."
పెట్టాను. భోజనం వేళకి అరవై మూడు టింగులు. ప్రతి టింగుకీ చూశాను. చూడకపోతే పెట్టుకోవడం దేనికి?
ఆ హడావుడిలో ఒక పెద్దావిడకి వేరే ఎవరిదో జోడు ఇచ్చాను. "బాబూ, మీరు ఇద్దరు కనిపిస్తున్నారు" అంది.
"ఇద్దరెందుకమ్మా, ఉన్న ఒక్కడే పనిచేయడం లేదు" అన్నారు షాపు ఓనరు, మా సారు.
మధ్యాహ్నం 3: పద్దెనిమిది శాతం. ఎండలు ముదిరాయి. వేడికి బ్యాటరీ నిలవదట.

మార్చి 7
అందరికంటే ఎక్కువ తాగుతున్నది ఎవరో తేలింది. కాపలా యాప్! నలభై ఎనిమిది శాతం! లొకేషన్ కూడా అదే తెగ వాడుతోంది.
తీసేద్దామనుకున్నాను. తీసేస్తే మూడు రోజుల రికార్డు పోతుంది. పరిశోధన మధ్యలో ఆపకూడదు.
మా ఆవిడ: "ఏమండీ, నెలలు నిండింది నాకా, మీ ఫోనుకా? పొద్దుణ్ణుంచీ ఎలా ఉన్నావని ఒక్కసారైనా అడిగారా?"
అడిగాను. బాగానే ఉందట. (టింగ్.)

మార్చి 10
ఉదయం 10:40. మా ఆవిడ ఫోన్. "ఉమ్మనీరు పోయిందండీ. భయమేస్తోంది. త్వరగా రండి."
ఛార్జింగ్ తొమ్మిది. పొద్దున లేచిన దగ్గర్నుంచీ రికార్డులే చూశాను మరి. ట్యాక్సీ పిలిచాను.
డ్రైవరు: "సార్, గేటు దగ్గరే ఉన్నాను. బయటికి రండి."
"నేనూ బయటే ఉన్నాను. ఏ గేటు?"
"స్విమ్మింగ్ పూల్ గేటు సార్."
లొకేషన్ ఆఫ్ కదా! ట్యాక్సీ యాప్ లెక్కలో నేనింకా జనవరిలోనే ఉన్నాను, ఈత నేర్చుకుంటానని వెళ్లి ట్యాక్సీలో తిరిగొచ్చిన ఆ ఒక్క రోజులో. అది ఊరికి ఆ చివర. దారి చెబుతుండగానే టింగ్. ఫోను చచ్చింది.
సారు షట్టర్ దించి స్కూటర్ తీశారు. "ఎక్కు. మాట్లాడకు."
ఇంటికి తాళం. పై వాటాలో ఉండే సంగీతం టీచరు బాల్కనీలోంచి అరిచింది: "వాటర్ క్యాన్ల వ్యాన్‌లో ఎక్కించి పంపానండీ! మా అక్క తోడెళ్లింది. మీకెన్నిసార్లు చేసినా స్విచాఫ్!"
ఆసుపత్రి. మెట్లు రెండేసి ఎక్కాను. లేబర్ రూమ్‌లో నన్ను చూసి మా ఆవిడ పళ్లు బిగబట్టి అడిగింది: "వచ్చారా? ఎంత శాతం ఉంది?"
చెయ్యి అందించాను. ఎముకలు నలిగేలా నొక్కింది. తప్పులేదు.
సాయంత్రం 4:20. పాప!
ఫోటో తీయడానికి ఫోను లేదు. గంటసేపు ఊరికే చూస్తూ కూర్చున్నాను. ఎడమ చెవి అంచున చిన్న మడత ఉంది. ఆవలిస్తే గడ్డం వణుకుతుంది.

మార్చి 11
కాపలా యాప్ పీకేశాను. మిగతావన్నీ ఆన్. చెప్పుల షాపు కూడా, పోనీలే పాపం. మా ఆవిడ కొత్తది ఒకటి పెట్టించింది. నేనెక్కడున్నదీ ఇరవై నాలుగ్గంటలూ తనకి కనిపిస్తుంది. కాదనే మొహం నాకెక్కడిది?

మార్చి 14
పాప ఫోటోలు మూడు వందల నలభై. మధ్యాహ్నం రెండుకే ఫోను చచ్చింది. కెమెరా కూడా ప్రతి ఫోటోకీ లొకేషన్ రాసుకుంటుందట, బావమరిది చెప్పాడు. మూడు వందల నలభైసార్లూ అదే మంచం!
ఇక ఊరుకోను. సోమవారం నుంచి మళ్లీ మొదలు. ఈసారి ఒక్కొక్కటే, పద్ధతిగా.
మా ఆవిడకి చెప్పాను. పాపని నా ఒళ్లో పెట్టింది. "సోమవారం టీకా వేయించాలి. కదలకుండా పట్టుకోవాలి. మీ రెండు చేతులూ కావాలి."
సరే. మంగళవారం. ఉదయం ఆరు గంటలు. వంద శాతం!