ముల్లు తీసిన ముద్ద

రాజోలు,
బుధవారం.

నా తల్లి ఝాన్సీకి,

నీకూ అల్లుడికీ అమ్మ దీవెనలు. ఈ వారం నీ ప్రార్థనలో నన్ను కూడా తలుచుకో.

మీరిద్దరూ పాడేరులో బడి ఉద్యోగాలు చేసుకుంటూ, నన్ను నమ్మి బన్నీని నా దగ్గర ఉంచారు. వాడి కడుపులో పుండుందనీ, మందులిచ్చారనీ ఫోన్లో చెప్పాను. మిగతాది చెప్పడానికి నోరు రాలేదు. అందుకే ఇది రాసి, నీ దగ్గరకొస్తున్న మీ నాన్నగారి చేతికిస్తున్నాను.

సోమవారం అమలాపురం డాక్టరుగారు నోట్లోంచి కడుపులోకి గొట్టం వేసి చూసి, ఆ పుండు బాక్టీరియా వల్లే అన్నారు. "కంగారు పడకండమ్మా. చాలామంది పిల్లల కడుపుల్లో ఇది ఉంటుందండీ. ఎక్కువమందికి ఏ బాధా ఉండదు. వీడికి పుండు పడింది కాబట్టి మందు వాడాలి" అన్నారు. ఎలా వస్తుందండీ అని అడిగాను. "నీళ్ళ వల్ల రావచ్చు, ఇంట్లోవాళ్ళ నోటి నుంచీ రావచ్చు. ఎవరైనా నమిలి పెడుతున్నారా?" అన్నారు.

"లేదండీ" అన్నాను. పొద్దున్నే ప్రార్థన చేసుకున్న నోటితోనే అబద్ధమాడాను, ఝాన్సీ.

వాడికి గోదావరి చేపంటే ప్రాణం. ప్రతి ముక్కా ముందు నా నోట్లో వేసుకుని, నాలుకతో ముల్లు వెతికి తీసి, అప్పుడు వాడికి పెట్టేదాన్ని. చిన్నప్పుడు నీ గొంతులో ముల్లు దిగి ఊపిరాడక కొట్టుకున్నావు. ఆ తరవాత నీకూ అలాగే పెట్టాను. కానీ ఇప్పుడు ఇంకో కారణముంది. రెండేళ్ళుగా నా కంటికి ముల్లు ఆనడం లేదు. చెబితే బన్నీని నా దగ్గర ఉంచవని దాచాను. నా కడుపులో మంట కూడా ఉపవాసాల వల్లే అనుకుని ఊరుకున్నాను.

వాడికి ఈ జబ్బు నా నోటినుంచే వచ్చింది. సోమవారం నుంచి వాడికి నా చేత్తో తినిపించడం లేదు. "కోపమా అమ్మమ్మా?" అని నా చీర కొంగు పట్టుకుని తిరుగుతున్నాడు. వచ్చి వాణ్ణి తీసుకెళ్ళిపో.

మీ అమ్మ,
రేచల్

పాడేరు,
మంగళవారం.

అమ్మా,

నీ ఉత్తరం చదివి నాన్నని ఇన్నాళ్ళూ ఇక్కడే ఆపి, ఇప్పుడు ఈ జవాబుతో పంపుతున్నాను. ఈలోపు నేనూ పరీక్ష చేయించుకున్నాను. నాకూ ఉందట. నీ వల్ల వచ్చిందో, ఇక్కడి నీళ్ళ వల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరన్నారు.

సెలవులకొచ్చినప్పుడు బన్నీకి నేను చేప ఎలా పెట్టేదాన్నో నువ్వు గమనించలేదు. నాకు తెలిసిన పద్ధతీ అదొక్కటే. కాబట్టి వాడికి ఎవరి నుంచి వచ్చిందో ఆ దేవుడికే తెలియాలి.

నాన్న పక్కనే ఉన్నారు. "నాకు మాత్రం ఇన్నేళ్ళలో ఒక్క ముల్లు తీసి పెట్టలేదే మీ అమ్మ! నాకు ఏ పరీక్షా అక్కర్లేదని రాయి" అంటున్నారు.

నాకు కోపం వచ్చింది కళ్ళ సంగతి దాచినందుకే. శనివారం వస్తున్నాను. ముందు డాక్టరుగారికి నిజం చెబుదువుగాని. తరవాత నీకు పరీక్ష, ఆ తరవాత కళ్ళు.

బన్నీని ఇక్కడికి తీసుకురాను, నీ దగ్గరే ఉంటాడు. ఆదివారం ఆరాధన అయ్యి గుడి నుంచి వచ్చాక చేప వండు. కిటికీ దగ్గర కూర్చుని ముళ్ళు నేను చేత్తో తీస్తాను. ముద్ద మాత్రం నువ్వే పెట్టు.

నీ ఝాన్సీ