ఫోను మోగితే కడుపునొప్పి

మోక్‌పో

చిరంజీవి కిహ్వాన్‌కు అమ్మ దీవెనలు.

ఇక్కడ నేను, నీ భార్య యున్‌జు, నీ కూతురు సోరా బాగానే ఉన్నాం. ఓడ మీద నువ్వూ వేళకు తింటున్నావనే అనుకుంటున్నాను. కిమ్చీ పచ్చడికి క్యాబేజీలు ఉప్పులో వేశాం. ఈసారి కారం మీ పెద్దమ్మ పంపింది. నోరు మండిపోతోందని యున్‌జు ఒకటే గోల. మండకపోతే అది కిమ్చీ ఎందుకవుతుంది?

నిన్న వచ్చిన ఉత్తరంలో అడిగావు, "రేవులో దిగిన ప్రతిసారీ ఫోను చేస్తున్నాను, సోరా పలకదేం? నన్ను మరిచిపోయిందా అమ్మా?" అని. చదివాక నాకు ముద్ద దిగలేదు. మరిచిపోలేదురా. తప్పంతా నా సూదిది.

నీ ఫోను వచ్చినప్పుడల్లా పిల్ల కడుపు పట్టుకుని ముడుచుకుపోయేది. తిన్నది అరగలేదనుకున్నాను. అరగకపోతే నేనేం చేస్తానో నీ బొటనవేళ్లకు తెలుసు కదా! వేలికి దారం చుట్టి, గోరు పక్కన సూదితో పొడిచి, నల్లటి నెత్తురు చుక్క తీసేదాన్ని. ఆ తర్వాత ఫోను మోగితే చాలు, అది దుప్పట్ల బీరువాలో దూరడం మొదలుపెట్టింది.

పోయిన వారం నీతో మాట్లాడి పెట్టేశాక సూది డబ్బా తీశాను. యున్‌జు అడ్డం వచ్చింది.

"అత్తయ్యా, పొద్దుట్నుంచి దీని నోట్లో మెతుకు పడలేదు. అరక్కపోడానికి లోపల ఏముందని?"

నిజమే కదా! సూది పక్కన పెట్టి పిల్ల పొట్ట నిమిరాను. రాయిలా బిగిసి ఉంది.

"ఎప్పుడు బిగుసుకుంటుందే ఇది?"

"నాన్న ఫోను మోగితే. గొంతులో కూడా ఏదో అడ్డం పడుతుంది. పొడవకు నాయనమ్మా, అది అన్నం కాదు."

"కాదే పిచ్చిదానా, అది బెంగ. దానికి సూది పనిచెయ్యదు."

"మరేం చెయ్యాలి?"

"ఏడుపొస్తే ఏడువు."

తనివితీరా ఏడ్చింది. ఏడ్చి, రెండు గిన్నెల అన్నం లాగించింది.

ఇప్పుడు ఇంట్లో అదే ఆట, మనసులో ఏముందో ఒంట్లో వెతకడం. కాళ్లు కుదురుగా ఉండకపోతే సంతోషమట. చెవులు వేడెక్కితే కోపమట. మొన్న మీ ఆవిడ మీద గొంతు పెంచానో లేదో, "నాయనమ్మా, నీ చెవులు ఎర్రబడ్డాయి!" అని పట్టేసింది. అత్తాకోడళ్లం నవ్వలేక చచ్చాం.

ఒక మాట దాచాను. "పిల్ల నిద్రపోతోంది" అని ఫోనులో చెప్పినవన్నీ అబద్ధాలే. అది బీరువాలో ఉండేది. ఇంకో మాట కూడా ఉంది. నిన్న నీ ఉత్తరం చదువుతుంటే సోరా నా గుండె మీద చెయ్యి పెట్టి, "దడదడలాడుతోంది. నీకూ నాన్న మీద బెంగేనా?" అంది. అవునన్నాను. నీకు మాత్రం ఏనాడూ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను, బెంగగా ఉందిరా.

ఈసారి ఫోను చేస్తే "అన్నం తిన్నావా" అని మొదలుపెట్టకు. ముందు సోరానే నిన్నొకటి అడుగుతుందట, జవాబు సిద్ధం చేసుకో. "నాన్నా, నా మీద బెంగొస్తే నీకెక్కడ నొప్పి పుడుతుంది?"

ఇప్పటికే ఫోను పక్కన పీట వేసుకుని కూర్చుంది.

ఇట్లు,
గుండె దడ దాచుకోవడం మానేసిన
మీ అమ్మ