మ్యాంగో జ్యూస్ డబ్బా

స్విండన్, ఆదివారం, 12 మార్చి 2006

మా ఆయన మెటల్ డిటెక్టర్ ఇవాళ పక్కింటి రోజర్ అంకుల్‌కి ఇచ్చేశాను. వాళ్ళిద్దరూ పాత నాణేలు వెతకడానికి వెళ్ళే పొలం ఒక్కసారైనా చూడమని అంకుల్ నన్నూ తీసుకెళ్ళారు. ఒక చెట్టు కింద డిటెక్టర్ కుయ్‌మంది. తవ్వితే నాణెం కాదు, నలిగిపోయిన మ్యాంగో జ్యూస్ డబ్బా.

అంకుల్‌కి అదీ ముఖ్యమేనట. దొరికిన డబ్బాని బట్టి అక్కడ ఎవరైనా ఎప్పుడు తవ్వారో చెప్పొచ్చట. మట్టి తుడిచి, అడుగున బెస్ట్ బిఫోర్ తేదీ చూసి లెక్కేశారు. "పోయిన వేసవిలో ఎవరో తవ్వి పూడ్చారు," అన్నారు.

ఎవరో ఏంటి! మా వీధి చివర ఇండియన్ షాపులో మా ఆయన కొనే డబ్బానే అది.

పోయిన ఏప్రిల్లో ఆయనకి మొదటిసారి గుండెపోటు వచ్చినప్పుడు, ఇక తవ్వనని, తీపి ముట్టనని నా తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాను. వేసవంతా శనివారాలు ఆఫీసులో పనుందని చెప్పి వెళ్ళేవారు. సెప్టెంబర్లో పోయారు. ఆ తవ్వడం వల్లేనా...

రోడ్డు మీద కాగితం ముక్క కూడా పడెయ్యని మనిషి. ఇంటికి తెస్తే నేను చూస్తానని మట్టిలో పాతిపెట్టారు.

 కార్లో వస్తున్నంతసేపూ ఒట్టు తప్పారని మండిపోయాను. ఇప్పుడు ఆ కోపం కూడా లేదు. పిచ్చి మనిషి, దొంగలా ఒక్కరే ఆ చెట్టు కింద కూర్చుని తాగుంటారు.

ఒట్టు వేయించుకునే బదులు ఒక్క శనివారం నేనూ వెంట వెళ్ళుంటే, చెరొకటి తాగి, రెండు డబ్బాలూ ఇంటికే తెచ్చుకునేవాళ్ళం.