సీటు మీద టవలు

మంగళవారం, పడుకునే ముందు

నిద్ర పట్టేలా లేదు, అంత హుషారుగా ఉంది! పొద్దున క్లాసులో మేడం ఒక పాతకాలపు ఫ్రెంచి తత్వవేత్త ఆలోచన చెప్పారు. ఎవడో నేల చుట్టూ కంచె వేసి ఇది నాది అన్నాడట, పక్కవాళ్లు నమ్మారట, ఆస్తి అలా పుట్టిందట. సాయంత్రం తిరుపతిలో కాణిపాకం బస్సెక్కితే అదే కళ్లముందు కనిపించింది. ఖాళీ సీట్ల నిండా కిటికీల్లోంచి వేసిన టవళ్లే, మనుషులేమో నిలబడి ఉన్నారు. నేనొక టవలు తీసి పక్కన పెట్టి కూర్చున్నాను.

టవలు వేసినాయన కోపంతో ఊగిపోతూ వచ్చాడు. "ఏమ్మా, టవలేసినాను కదా, సూడలేదా?"

"టవలేస్తే సీటు మీదైపోతాదా అన్నా? మేమంతా ఒప్పుకుంటేనే కదా!"

"పాప అడిగేదాంట్లో న్యాయముండాది కదప్పా," అంది నా పక్కన నిలబడిన అవ్వ. అందరూ నవ్వారు. ఆయన గొణుక్కుంటూ వెనక్కి వెళ్లాడు. ఎక్కడి ఫ్రాన్సు, ఎక్కడి మా బస్సు! గెలిచాననిపించింది.

చంద్రగిరిలో నీళ్ల సీసా కోసం దిగాను. దిగేముందు సీటు మీద ఆ పాఠం ఉన్న పుస్తకమే పెట్టి, "నా సీటు, కొంచెం సూసుకో అవ్వా" అన్నాను.

తిరిగొచ్చేసరికి అవ్వ నిలబడే కాపలా కాస్తోంది.